పాత ఇంగ్లీషు మాటలు: ఏది అసలు, ఏది కొసరు, అర్థం ఎలా తేల్చుకోవాలి?

పాతపుటలు:

మరుగున పడ్డ ఇంగ్లీషు మాటలంటూ నెట్‌లో లెక్కలేనన్ని జాబితాలు తిరుగుతున్నాయి. అప్రిసిటీ అంటే చలికాలపు ఎండలోని వెచ్చదనం. ఊహ్ట్‌చెఅరె అంటే తెల్లవారకముందే మెలకువ వచ్చి మీద పడే దిగులు. ఓవర్‌మారో అంటే ఎల్లుండి. పెట్రికోర్ అంటే వాన పడగానే లేచే మట్టివాసన. అల్ట్రాక్రెపిడేరియన్ అంటే తనకు తెలియని విషయంలో తీర్పులు చెప్పే మనిషి. చదవడానికి బాగున్నాయి. కానీ ఏది ఎంత పాతది, నిజంగా ఎవరైనా వాడారా, ఈమధ్య ఎవరో అల్లారా అన్నది ఏ జాబితాలోనూ ఉండదు.

రెండో ప్రశ్న. షేక్‌స్పియర్ నాటకాల్లో, 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో వింత మాట ఎదురైతే డిక్షనరీ చూసుకుంటే సరిపోతోంది. చిక్కంతా తెలిసిన మాటలతోనే. ఉదాహరణకు 119వ కీర్తనలో 'ఐ ప్రివెంటెడ్ ద డానింగ్ ఆఫ్ ద మార్నింగ్' అని ఉంది. తెల్లవారకుండా ఆపడమేమిటి?

ఇలాంటివి తేల్చుకునే పద్ధతి, నమ్మదగ్గ డిక్షనరీలు తెలిసినవాళ్లు చెప్పగలరు.

నిఘంటుశోధకి:

పాతపుటలు గారూ, మీరిచ్చిన ఐదు మాటలూ ఐదు రకాలు. ముందు వాటినే విప్పి చూద్దాం, పద్ధతి అందులోనే తెలిసిపోతుంది.

ఓవర్‌మారో నికార్సైన పాత మాట. 1535లో అచ్చయిన కవర్‌డేల్ బైబిల్‌లో ఉంది. జర్మన్‌లో దీని తోబుట్టువు ఊబర్‌మోర్గెన్‌ను ఈరోజుకీ అందరూ వాడుతున్నారు. ఇంగ్లీషు మాత్రం దీన్నీ, మొన్న అనే అర్థమున్న ఎర్‌యెస్టర్‌డేనూ వదిలేసుకుని నాలుగేసి మాటలతో సరిపెట్టుకుంటోంది. ఎల్లుండి, మొన్న అనే మాటలున్న భాషలో పెరిగినవాళ్లకు అది లోటేననిపిస్తుంది.

అప్రిసిటీ సంగతి వేరు. కష్టమైన ఇంగ్లీషు మాటలకంటూ హెన్రీ కాకరమ్ 1623లో ఒక డిక్షనరీ వేశాడు. లాటిన్ మాటకు ఇంగ్లీషు తోక తగిలించి పేజీలు నింపడం ఆ కాలపు డిక్షనరీల్లో మామూలే. ఎండ తగిలే చోటుకు వాడే లాటిన్ మాట అప్రికస్ నుంచి ఇదీ అలాగే వచ్చింది. ఆ తర్వాత ఒక డిక్షనరీ నుంచి ఇంకో డిక్షనరీకి ఎక్కిందే తప్ప, మనుషులు రాసుకున్న వాక్యాల్లో దొరకడం గగనం. జాబితాలో ఇచ్చిన అర్థం సరైనదే. పూర్వం ఇంగ్లీషువాళ్లు చలికాలపు ఎండను ఇలా పిలిచేవారు అనడం మాత్రం సరికాదు.

ఊహ్ట్‌చెఅరెకు వెయ్యేళ్లు దాటాయి. పదో శతాబ్దం చివర్లో రాసిన ఎక్సెటర్ బుక్ అనే చేతిరాత ప్రతిలో, తన మనిషి సముద్రం దాటి వెళ్లిపోయిన ఒక స్త్రీ గొంతుతో సాగే కవిత ఉంది. ఈ మాట అందులోది. ఊహ్ట్ అంటే తెల్లవారుజాముకు ముందరి చీకటి, చెఅరు అంటే దిగులు. ఇప్పటిదాకా మిగిలిన ఆ కాలపు రాతలన్నిట్లోనూ ఇది కనిపించేది ఆ ఒక్కచోటే. ఇలా ఒకే ఒక్కసారి దొరికే మాటను హాపాక్స్ లెగోమెనాన్ అంటారు. కవి అప్పటికప్పుడు కట్టిన సమాసమా, జనం నోట నానిన మాటా అని తేల్చాలంటే ఇంకో వాక్యం కావాలి, అది లేదు. పైగా కవితలో ఆమెది ఊరికే నిద్రపట్టని దిగులు కాదు, ఆయన ఏ దేశంలో ఉన్నాడోనన్న దిగులు. జాబితాలన్నీ ఆ సగాన్ని వదిలేసి నిద్రలేమికి అందమైన పేరుగా మార్చేశాయి.

పెట్రికోర్ అసలు పాతదే కాదు. 1964లో నేచర్ పత్రికలో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు తమ పరిశోధన కోసం దీన్ని తయారుచేశారు. రాయికి గ్రీకులో పెట్రా, దేవతల ఒంట్లో పారే ద్రవానికి ఇకోర్. ముక్కలు పాతవి, మాట కొత్తది.

అల్ట్రాక్రెపిడేరియన్ 1819 నాటిది. విలియం గిఫర్డ్ అనే విమర్శకుడికి రాసిన బహిరంగ లేఖలో విలియం హాజ్లిట్ వాడాడు. దాని వెనక రోమన్ రచయిత ప్లినీ చెప్పిన కథ ఉంది. అపెల్లీస్ అనే గ్రీకు చిత్రకారుడి బొమ్మలో చెప్పు తప్పుగా ఉందని చెప్పులు కుట్టే మనిషి అంటే అపెల్లీస్ దిద్దుకున్నాడు. ఆ ధైర్యంతో అతను కాలిని కూడా తప్పుపట్టబోతే, చెప్పు దాటి పైకి రావద్దన్నాడు. లాటిన్‌లో క్రెపిడా అంటే చెప్పు.

ఇక పద్ధతి. ఏ పాత మాటకైనా ముందు వెతకాల్సింది మొదట దొరికిన సంవత్సరం. తర్వాత ఆ మాట ఉన్న అసలు వాక్యం. ఆ తర్వాత ఆ వాక్యాలు ఎన్ని, ఎంతమంది రాసినవి, ఏ కాలంలో ఆగిపోయాయి అన్నది. తేదీ లేకుండా ఇచ్చిన అర్థం సగం అర్థమే. ఈ మూడూ ఒకేచోట ఇచ్చేది ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ. 1884లో భాగాలుగా మొదలై 1928కి మొదటి కూర్పు పూర్తయింది, 1989లో రెండో కూర్పు 20 సంపుటాల్లో వచ్చింది. ఆన్‌లైన్ కూర్పుకు చందా కట్టాలి, అయితే చాలా గ్రంథాలయాల సభ్యత్వంతో తెరుచుకుంటుంది. మొదటి కూర్పు సంపుటాల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి. పాత మాటలకు అవే చాలావరకు సరిపోతాయి.

అందులో మాట ముందు చిన్న కత్తిలాంటి గుర్తు కనిపిస్తే అది వాడుకలోంచి పోయిందని. ఆర్కాయిక్ అని ఉంటే పాతవాసన కోసం ఇంకా వాడతారని. హిస్టారికల్ అంటే వస్తువు పోయింది, దాని గురించి చెప్పాల్సి వస్తే మాట మాత్రం ఉందని. పడుచుల గౌనుల కింద వెదురు చట్రంలా కట్టుకున్న ఫార్దింగేల్ ఆ బాపతు. నాన్స్‌వర్డ్ అంటే ఆ ఒక్క సందర్భానికే ఒకరు చేసుకున్నది. జాబితాలు ఈ నాలుగింటినీ ఒకే గాటన కడతాయి.

డిక్షనరీలో ఉన్నంత మాత్రాన మాట నిజమని కూడా అనుకోకండి. పొరపాటున పుట్టి డిక్షనరీలకెక్కిన మాటలకు భాషాశాస్త్రవేత్త వాల్టర్ స్కీట్ 1886లో దయ్యపు మాటలని పేరు పెట్టాడు. 1934 నాటి వెబ్‌స్టర్ రెండో న్యూ ఇంటర్నేషనల్‌లో డార్డ్ అనే మాట సాంద్రత అనే అర్థంతో అచ్చయింది. నిజానికి అది మాటే కాదు. సాంద్రతకు పొట్టి గుర్తుగా పెద్ద డి అయినా చిన్న డి అయినా వాడొచ్చని సూచిస్తూ 'డి ఆర్ డి' అని రాసిన చీటీ, సంక్షిప్తాల కట్టలోకి వెళ్లాల్సింది మాటల కట్టలో కలిసిపోయింది. 1939లో ఒక ఎడిటర్ దాన్ని పట్టుకున్నది ఎలాగంటే, ఆ మాటకు వ్యుత్పత్తి ఇవ్వలేదు కాబట్టి. మీరు కూడా అదే చూడండి: వ్యుత్పత్తీ లేక, ఉదాహరణ వాక్యమూ లేక ఒంటరిగా నిలబడ్డ మాట ఎక్కడున్నా అనుమానించాల్సిందే.

రంగస్థలపాఠం:

రెండో ప్రశ్నకు నేను చెబుతాను. వింత మాటల కంటే ముఖపరిచయం ఉన్న మాటలే ఎక్కువ దారి తప్పిస్తాయి. వింత మాట దగ్గర ఎలాగూ ఆగుతాం, తెలిసిన మాట దగ్గర ఆగం.

ప్రివెంట్‌లో లాటిన్ ప్రే అంటే ముందు, వెనీరె అంటే రావడం. 1611లో ఆ అర్థం ఇంకా బతికే ఉంది. కాబట్టి మీ కీర్తన చెప్పేది 'పొద్దు పొడవకముందే లేచి మొరపెట్టుకున్నాను' అని. ముందే వెళ్లడం కాస్తా ముందే వెళ్లి అడ్డుపడటమై, అక్కణ్నుంచి ఇప్పటి నివారించడం వచ్చింది.

లెట్ ఇంకా గట్టిది. హామ్లెట్ తన తండ్రి ప్రేతం వెంట వెళ్లబోతుంటే స్నేహితులు పట్టుకుంటారు. అప్పుడు అతను 'ఐల్ మేక్ ఎ గోస్ట్ ఆఫ్ హిమ్ దట్ లెట్స్ మీ' అంటాడు. వెళ్లనిచ్చినవాణ్ణి చంపుతానని కాదు, అడ్డొచ్చినవాణ్ణి చంపుతానని. పాత ఇంగ్లీషులో అనుమతించడానికి లేటన్, ఆటంకపరచడానికి లెట్టన్ అని రెండు వేరు క్రియలుండేవి. కాలక్రమంలో రెండూ ఒకే ఉచ్చారణలోకి వచ్చాయి. ఎదురెదురు అర్థాలు ఒకే మాటలో ఎంతకాలం ఇముడుతాయి? రెండోది పోయింది. టెన్నిస్‌లో సర్వ్ చేసిన బంతి వలకు తగిలి అవతలి గడిలో పడితే లెట్ అంటారు, అది ఆ పోయినదాని మిగులే. బ్రిటిష్ పాస్‌పోర్టులో 'వితవుట్ లెట్ ఆర్ హిండ్రన్స్' అన్నది కూడా.

కాలం చెప్పే మాటలన్నిటినీ అనుమానించండి. ప్రెజెంట్లీ అంటే షేక్‌స్పియర్ దగ్గర ఈ క్షణమే అని. టెంపెస్ట్ నాలుగో అంకంలో ఏరియల్ 'ప్రెజెంట్లీ?' అని అడిగితే ప్రాస్పెరో 'ఆయ్, విత్ ఎ ట్వింక్' అంటాడు, రెప్పపాటులో అని. కాసేపట్లో అనుకుని చదివితే ఆ జవాబు అతకదు. అనాన్ కూడా మొదట వెంటనే అనే అర్థంలోదే, షేక్‌స్పియర్ నాటికే అది 'ఇదిగో వస్తున్నా'గా జారింది. సూన్‌కు మూలమైన సోనా కూడా అంతే. వెంటనే అన్న ప్రతి మాటా కొన్ని తరాలకు కాసేపట్లో అయిపోయింది.

డౌట్ మనవాళ్లకు సులువుగా పట్టుబడుతుంది. 'ఐ డౌట్ సమ్ ఫౌల్ ప్లే' అని హామ్లెట్ అంటే, ఏదో కుట్ర జరిగిందని అనుమానపడుతున్నాడు. ఇప్పటి ఇంగ్లీషు చెవితో వింటే కుట్ర జరిగిందంటే నమ్మను అన్నట్టు తిరగబడుతుంది. 'ఏదో జరిగిందని నాకు డౌటు' అని తెలుగులో అనేటప్పుడు మనం వాడేది షేక్‌స్పియర్ అర్థమే.

మీట్ అంటే ఏ తిండైనా. ఆదికాండం మొదటి అధ్యాయంలో విత్తనాలిచ్చే మొక్కలూ పండ్లచెట్లూ మనిషికి 'మీట్' అని ఉంది, అక్కడ మాంసం ప్రసక్తే లేదు. క్విక్ అంటే ప్రాణమున్న, అందుకే పాదరసం క్విక్‌సిల్వర్, కదిలే వెండి. గోరు కింద నొప్పి తెలిసే మాంసం కూడా క్విక్కే. సఫర్ అంటే అనుమతించు. ఫాండ్ అంటే తెలివితక్కువ. నైస్ పదమూడో శతాబ్దం చివర ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు మూర్ఖుడని అర్థం, లాటిన్‌లో తెలియనివాడు అనే నెస్కియస్ నుంచి. రోమియో జూలియెట్ ఐదో అంకంలో ఉత్తరం 'నాట్ నైస్' అంటే ఆషామాషీది కాదని. గర్ల్ అంటే పద్నాలుగో శతాబ్దపు కవి చాసర్ కాలంలో ఆడైనా మగైనా పిల్లలే.

చిన్న మాటలు ఇంకా ప్రమాదం. యాన్ అంటే చాలాచోట్ల ఒకవేళ అని. స్టిల్ అంటే ఎప్పుడూ. బట్ అంటే తప్ప, లేకపోతే. వేర్‌ఫోర్ అంటే ఎక్కడ కాదు, ఎందుకు. జూలియెట్ రోమియోను వెతకడం లేదు, 'నువ్వు రోమియోవే ఎందుకయ్యావు' అని వాపోతోంది. మరుసటి వాక్యంలోనే నీ తండ్రిని కాదను, నీ పేరు వదులుకో అంటుంది.

వాక్యం అడ్డం తిరిగినప్పుడు చేయాల్సింది ఇది. అందులో అన్నిటికంటే మామూలుగా కనిపించే క్రియను ముందు డిక్షనరీలో చూడండి. అక్కడున్న మొదటి అర్థం తీసుకోకండి. మీ పుస్తకం వచ్చిన ఏడాదికి అటూ ఇటూ ముప్పై ఏళ్లలోపు ఉదాహరణలున్న అర్థమేదో చూసి అది తీసుకోండి. షేక్‌స్పియర్ వరకైతే అలెగ్జాండర్ ష్మిట్ చేసిన లెక్సికన్ చాలు. 1874-75లో వచ్చింది, పెర్సియస్ సైట్‌లో ఉచితంగా ఉంది. ప్రతి మాటా ఏ నాటకంలో, ఏ అంకంలో, ఏ అర్థంలో వచ్చిందో ఇస్తాడు.

పాతపుటలు:

ఇద్దరికీ చాలా ధన్యవాదాలు. ప్రెజెంట్లీ ఉదాహరణతో విషయం బాగా అర్థమైంది. ఇంకో రెండు అడుగుతాను. దౌ, దీ, దై, దైన్, యీ ఎప్పుడు ఏది వస్తుంది? దుకాణాల బోర్డుల మీద 'యీ ఓల్డ్' అంటారే, ఆ యీ కూడా ఇదేనా?

మూలధాతువు:

ఆ యీ ఇది కాదు. దాని సంగతి అచ్చుపని తెలిసినవాళ్లు చెబితే బాగుంటుంది. నేను సర్వనామాలు చెబుతాను.

దౌ కర్తగా వచ్చే నువ్వు. దీ అంటే నిన్ను, నీకు. దై అంటే నీ, హల్లుకు ముందు. దైన్ అచ్చుకు ముందు, లేదా నీది అని ఒంటరిగా. మై, మైన్ కూడా అప్పట్లో ఇలాగే నడిచేవి, 'మైన్ ఐస్' అన్నది అందుకే. యీ అంటే మీరు, కర్తగా. యూ అంటే మిమ్మల్ని, మీకు. షేక్‌స్పియర్ కాలానికి యీ, యూ కలగాపులగమయ్యాయి. కింగ్ జేమ్స్ బైబిల్ మాత్రం తేడా గట్టిగా పాటిస్తుంది.

దౌతో వచ్చే క్రియకు చివర ఎస్ట్ లేదా స్ట్ చేరుతుంది: నోయెస్ట్, కాన్‌స్ట్, డిడ్‌స్ట్. ఆర్ట్, హాస్ట్, డోస్ట్, విల్ట్, షాల్ట్ విడిగా గుర్తుపెట్టుకోవాలి. ఎత్ అన్నది అతను, ఆమె, అది వచ్చినప్పుడే, అదీ వర్తమానంలోనే: నోయెత్, హాత్, డోత్. 'ఐ గోయెత్', 'దౌ గోయెత్', 'హీ వెంటెత్' మూడూ తప్పే. పాతకాలం వేషం వేసిన కొత్త రాతల్లో అన్నిటికంటే ఎక్కువ కనిపించేవి ఇవే.

మర్యాద సంగతికొస్తే, పదమూడో శతాబ్దం నుంచి ఫ్రెంచి వూ (మీరు) ప్రభావంతో ఒక్క మనిషినీ యూ అనడం మొదలైంది. దాంతో దౌ నువ్వు అయింది, యూ మీరు అయింది. తెలుగువాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. నాటకంలో ఇద్దరు యూ, యూ అనుకుంటూ ఉండి ఒకరు హఠాత్తుగా దౌ అన్నారంటే, చనువైనా పెరిగి ఉండాలి, కోపమైనా వచ్చి ఉండాలి. ఆ మలుపు దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. 1603లో వాల్టర్ రాలీ మీద రాజద్రోహం విచారణలో ప్రభుత్వం తరఫున వాదించిన ఎడ్వర్డ్ కోక్ అతణ్ణి 'ఐ దౌ దీ, దౌ ట్రెయిటర్' అని తిట్టాడు. దౌను క్రియగా చేసి మరీ, నిన్ను నువ్వు అంటున్నానురా అని.

ప్రార్థనల్లో దేవుణ్ణి దౌ అంటారు కాబట్టి అది మహా గౌరవవాచకమని చాలామంది అనుకుంటారు. కాదు. మన పద్యాల్లో దేవుణ్ణి నీవు అన్నట్టే అది. అసలు కింగ్ జేమ్స్ అనువాదకులు దౌ, యీ వాడింది మర్యాద కోసం కూడా కాదు, మూలంలో ఏకవచనమా బహువచనమా చూపించడానికి. లూకా 22వ అధ్యాయంలో యేసు సైమన్‌తో మాట్లాడుతూ, సాతాను 'యూ'ను జల్లెడ పట్టాలనుకున్నాడు, నేను 'దీ' కోసం ప్రార్థించాను అంటాడు. మొదటిది శిష్యులందరినీ, రెండోది సైమన్ ఒక్కణ్ణే. ఇప్పటి ఇంగ్లీషులో రెండుచోట్లా యూ పెడితే ఆ తేడా మాయమైపోతుంది. తెలుగులో మిమ్మల్ని, నీ కోసం అని చక్కగా వస్తుంది.

ఇలా తెలుగు పక్కన పెట్టి చూస్తే తేలిపోయేది ఇంకోటుంది, మిథింక్స్. నేను ఆలోచిస్తున్నాను అని దాని అర్థం కాదు. పాత ఇంగ్లీషులో ఆలోచించడానికి థెంచన్, అనిపించడానికి థ్యుంచన్ అని రెండు క్రియలు. మిథింక్స్‌లో ఉన్నది రెండోది, ముందున్న ఇంగ్లీషు 'మీ' నాకు అనే చతుర్థి. అంటే అచ్చంగా మన నాకనిపిస్తోంది. ఇంగ్లీషు వ్యాకరణం నుంచి ఆ కట్టు దాదాపు పోయింది కాబట్టి వాళ్లకు వింత, మనకు నోటి మాట.

హిదర్ అంటే ఇటు, హెన్స్ అంటే ఇక్కణ్నుంచి. దిదర్, దెన్స్ అటువైపువి. విదర్, వెన్స్ ఎటు, ఎక్కణ్నుంచి. వెన్స్‌లోనే నుంచి ఉంది కాబట్టి దాని ముందు ఫ్రమ్ పెట్టడం తప్పని కొందరు పట్టుబడతారు. 121వ కీర్తనలో 'ఫ్రమ్ వెన్స్' ఉంది, షేక్‌స్పియర్ కూడా రాశాడు. పట్టింపు అక్కర్లేదు.

అచ్చుఅక్షరం:

యీ ఓల్డ్‌లోని యీ అసలు 'ద'. పాత ఇంగ్లీషులో థ, ద ధ్వనులకు థార్న్ అనే అక్షరం ఉండేది. చేతిరాతలో రానురాను దాని పైకొమ్ము కుంచించుకుపోయి వై అక్షరంలా కనిపించసాగింది. కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చు మొదలుపెట్టాక, ఐరోపా ఖండం నుంచి వచ్చిన అచ్చుల్లో థార్న్ లేదు. దాని చోట వై పెట్టి, పైన చిన్న ఇ వేశారు. చదివేవాళ్లు ద అనే చదివేవారు. బోర్డు మీదిది యీ అని పలకడం తర్వాతి తరాలవాళ్లు తెలియక చేసిందే. మీరు అన్న సర్వనామానికీ దీనికీ చుట్టరికం లేదు.

పాత అచ్చుపుస్తకాల స్కాన్లలో మాట వెతికేటప్పుడు ఇంకొన్ని చూసుకోవాలి. సుమారు 1800 దాకా ఎస్‌కు రెండు రూపాలు. మాట మొదట్లో, మధ్యలో పొడుగు ఎస్, చివర్లో మామూలు ఎస్. పొడుగు ఎస్ అచ్చం ఎఫ్‌లా ఉంటుంది, మధ్య అడ్డగీత కుడివైపుకు రాదు, అంతే తేడా. కంప్యూటర్ దాన్ని ఎఫ్‌గా చదివేస్తుంది. అందుకే ఏ మాట ఏ ఏడాది ఎంత వాడారో గీతగా చూపే గూగుల్ ఎన్‌గ్రామ్‌లో 1800కు ముందు ఎఫ్‌తో మొదలయ్యే వింత మాటలు కుప్పలుగా కనిపించి, ఆ ఏడాది దగ్గర ఒక్కసారిగా పడిపోతాయి. మాట చచ్చిపోయిందని కాదు, అచ్చు మారిందని అర్థం. మీరు వెతికే మాటలో ఎస్ ఉంటే ఎఫ్ పెట్టి కూడా వెతకండి.

పదిహేడో శతాబ్దం తొలి దశాబ్దాల దాకా యు, వి ఒకే అక్షరానికి రెండు రూపాలు. మొదట్లో వి, లోపల యు. అంటే అపాన్‌కు మొదటి అక్షరం వి ఉంటుంది, లవ్ మధ్యలో యు ఉంటుంది. ఐ, జె కూడా అంతే, జాయ్ మొదట్లో ఐ. స్పెల్లింగ్ చివర వై ఉండాల్సిన చోట ఐ-ఇ రావడం మామూలు, కాకరమ్ పుస్తకంలో అప్రిసిటీ అలాగే ఉంది. ఒక మాటకు నాలుగైదు రూపాలు రాసిపెట్టుకుని ఒక్కోటీ వెతికితేనే, దొరకలేదు అని ధైర్యంగా అనగలరు. 1473 నుంచి 1700 దాకా పుస్తకాలకైతే ఎర్లీ ఇంగ్లిష్ బుక్స్ ఆన్‌లైన్‌లో చేత్తో టైపు చేసిన పాఠాలు వేలల్లో ఉచితంగా ఉన్నాయి, యంత్రం చదివిన స్కాన్ల కంటే అవి ఎంతో నమ్మకం.

ఇంకా వెనక్కి వెళ్తే డిక్షనరీ మారుతుంది. సుమారు 1100 వరకు ఉన్నదాన్నే ఓల్డ్ ఇంగ్లిష్ అంటారు, దానికి బాస్‌వర్త్-టాలర్. అక్కణ్నుంచి 1500 దాకా మిడిల్ ఇంగ్లిష్, దానికి మిషిగన్ విశ్వవిద్యాలయం పూర్తిచేసిన మిడిల్ ఇంగ్లిష్ డిక్షనరీ. రెండూ ఆన్‌లైన్‌లో ఉచితం. పల్లెల మాటలకు జోసెఫ్ రైట్ 1898-1905 మధ్య ఆరు సంపుటాల్లో తెచ్చిన ఇంగ్లిష్ డయలెక్ట్ డిక్షనరీ. షేక్‌స్పియర్‌ది ఓల్డ్ ఇంగ్లిష్ అనుకుని బాస్‌వర్త్-టాలర్‌లో వెతికితే ఏమీ దొరకదు, ఆయనది ఎర్లీ మోడర్న్.

పాతపుటలు:

ఇవన్నీ ఒక్కచోట దొరకడం అదృష్టం. ఆఖరి ప్రశ్న. ఇలాంటి మాటల్ని ఇప్పటి ఇంగ్లీషు రాతలో వాడాలంటే ఎంతవరకు వాడొచ్చు? పాఠకుడికి ఇబ్బంది కాకుండా?

నిఘంటుశోధకి:

పక్కనున్న వాక్యం నుంచి అర్థం తెలిసిపోయేటట్టుంటే వాడండి. ఓవర్‌మారో ఆ పరీక్షలో నెగ్గుతుంది, ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్ నెగ్గదు. 1741లో విలియం షెన్‌స్టన్ ఉత్తరంలో వాడిన ఈ 29 అక్షరాల మాటకు దేన్నైనా పనికిరానిదిగా లెక్కకట్టడం అని అర్థం. చిన్నదనీ విలువలేనిదనీ చెప్పే నాలుగు లాటిన్ మాటల్ని వరుసగా గుచ్చి చేశారు. దాన్ని ఎవరూ దేని గురించీ వాడరు, దాని గురించే మాట్లాడతారు.

వేర్వేరు కాలాల మాటల్ని ఒక వాక్యంలో కలపకండి. 1535 మాట పక్కన 1819 మాట పెడితే తెలిసిన పాఠకుడికి వెంటనే గుచ్చుకుంటుంది. ప్రిదీ వాడేవాళ్లు గమనించాల్సింది, అది 'ఐ ప్రే దీ', అంటే నిన్ను వేడుకుంటున్నాను, కుదించినది. లోపల దీ ఉంది కాబట్టి దౌ అనగలిగే మనిషితోనే సరిపోతుంది. రాజుగారితో సేవకుడు ప్రిదీ అంటే పొసగదు.

వ్యతిరేక రూపం మాత్రం మిగిలి, అసలు రూపం పోయిన మాటలు వాడటానికి బాగుంటాయి, పాఠకుడికి సగం తెలిసే ఉంటుంది కాబట్టి. రూత్‌లెస్‌లోని రూత్ అంటే జాలి. అన్‌కెంప్ట్‌లోని కెంప్ట్ అంటే దువ్వినది. అన్‌కూత్‌లోని కూత్ అంటే తెలిసినది. మూడూ నిజంగా ఉండేవి. గ్రంటిల్డ్ మాత్రం ఆ కోవలోది కాదు. డిస్‌గ్రంటిల్డ్‌లోని డిస్ కాదు అనే అర్థంలో రాలేదు, బాగా అని నొక్కడానికి వచ్చింది. గ్రంటిల్ అంటేనే గొణుక్కోవడం. సంతోషంగా ఉన్న అనే అర్థంలో గ్రంటిల్డ్ ఇరవయ్యో శతాబ్దంలో సరదాకు చేసుకున్నది.

మూలధాతువు:

దానికి ఒక్కటి కలుపుతాను. జాతీయాల్లో ఇరుక్కుని మిగిలిన పాత మాటలను స్పెల్లింగ్ దగ్గర జాగ్రత్తగా చూడండి. అర్థం మరచిపోయిన మాటకు తెలిసిన మాట స్పెల్లింగ్ తగిలించేస్తారు. బేటెడ్ బ్రెత్‌లో ఉన్నది అబేట్ నుంచి వచ్చిన బేట్, తగ్గించిన ఊపిరి అని. అందులో ఐ రాస్తే ఎర వేసిన ఊపిరి అవుతుంది. నిక్‌నేమ్‌లో ఎన్ కూడా ఇలా అంటుకున్నదే. అసలు మాట ఎక్‌నేమ్, అదనపు పేరు. ముందున్న ఆర్టికల్ యాన్‌లోని ఎన్ ఇటు జారింది. ఏప్రన్‌లో దీనికి తలకిందులు: మొదట్లో అది నేప్రన్, దాని ఎన్ అటు పోయింది. కాబట్టి పాత పుస్తకంలో ఏప్రన్ కోసం వెతికేవాళ్లు ఎన్ కింద కూడా చూడాలి.